ఎక్స్‌రే కన్నా ముందు చేతిని చూడాలి

ఆలన్ గ్రాహం ఆప్లీ 1959లో వెలువరించిన ఎముకల వైద్య గ్రంథం తరతరాల విద్యార్థులకు ఒక క్రమాన్ని అలవాటు చేసింది: ముందు చూడడం, తరువాత తాకడం, ఆపైన కదిలించడం. ఎక్స్‌రే వంతు వాటి తరువాతే. ఆటలో దెబ్బ తగిలిన పిల్లలు బారులు తీరే అమెరికా క్లినిక్కుల్లో ఈ వరుస సులువుగా తలకిందులవుతుంది. ఫిల్మ్‌లో ఎముక విరగలేదని తేలితే, ఐసు పెట్టుకోమని చెప్పి పంపేస్తారు.

ఈ తొందరవల్ల నష్టపోయేది పిల్లలే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రత్యర్థి జెర్సీని పట్టుకున్న వేలు, అతడు విదిలించుకొని పోయే ఊపుకు బలవంతంగా చాచుకుంటుంది. అప్పుడు వేలి కొసను ముడిచే టెండన్ ఎముక నుంచి ఊడిపోవచ్చు. ఎక్కువగా దెబ్బతినేది ఉంగరపు వేలు. టెండన్‌తోపాటు ఎముక ముక్క ఊడిరాకపోతే ఎక్స్‌రేలో విరుగుడు కనిపించదు. నడిమి కణుపును నిటారుగా పట్టుకొని, కొసను ముడవమంటే చాలు, లోపం బయటపడుతుంది. టెండన్ అరచేతిలోకి జారిపోయి ఉంటే వారం పది రోజుల్లోనే శస్త్రచికిత్స జరగాలి. ఆలస్యమైతే దానిని మునుపటి చోట కుట్టడం కష్టమవుతుంది.

చెయ్యి ఆనించి నేలపై పడినప్పుడు, బొటనవేలి మొదట మణికట్టు పక్కనున్న గుంటను నొక్కి చూడాలి. అక్కడ నొప్పి ఉంటే స్కాఫాయిడ్ ఎముకను అనుమానించాలి. తొలినాటి ఎక్స్‌రే దాని పగులును చూపకపోవచ్చు. ఆ ఎముకకు రక్తం ప్రధానంగా వేళ్ల వైపు నుంచి వెనక్కి అందుతుంది. నడుమ విరిగితే ముంజేతి వైపు ముక్క అతకకపోవచ్చు, చచ్చుబడనూ వచ్చు. అందుకే కట్టు కట్టి 10 నుంచి 14 రోజులకు మళ్లీ పరీక్షించాలి, లేదా ముందే ఎం.ఆర్.ఐ. తీయించాలి.

ఇలా అనుమానంతో కట్టు కట్టించుకున్నవారిలో చాలామందికి ఎముక విరిగి ఉండదు. అనవసరంగా ఆట మానిపించారన్న తల్లిదండ్రుల ఫిర్యాదులో కొంత న్యాయముంది. అయితే రెండు వారాల ఆటను తరువాత ఆడుకోవచ్చు. అతకని ఎముక మణికట్టును ఏళ్ల తరబడి బాధిస్తుంది. పైగా జట్టులో చోటు పోతుందన్న భయంతో ఆ వయసువారు నొప్పిని దాచుకుంటారు. వారి మాటనూ ఫిల్మ్‌నూ మాత్రమే నమ్ముకున్న పరీక్ష సగం పరీక్షే. ఏ కణుపును కదిలించి చూశారో, మళ్లీ ఎప్పుడు రావాలో రాసి ఇవ్వని చీటీతో తల్లిదండ్రులు క్లినిక్ గడప దాటకూడదు.