గడగడా అప్పజెబుతున్నారా? మధ్యలోంచి చదివించి చూడండి

రెండో తరగతి చదివే బిడ్డ వాచకం తెరిచి పాఠం గడగడా అప్పజెబుతుంటే ముచ్చటేస్తుంది. సంతోషించండి. కానీ వెంటనే ఒక పని చేయండి. అదే పాఠంలో నాలుగో వరుసలోని ఒక మాట మీద వేలు పెట్టి, ఇదేమిటో చదవమనండి. మొదటి వరుస నుంచి మళ్లీ అందుకుని ఆ మాట దాకా వస్తే జాగ్రత్తపడండి. బొమ్మ చూసి ఊహించినా, మీ మొహం వంక చూసినా జాగ్రత్తపడండి. ఆ బిడ్డ చదవడం లేదు, కంఠతా పట్టింది.

ఇంకా అనుమానంగా ఉంటే కాగితం మీద అర్థం లేని మాటలు రాసి ఇవ్వండి. ‘లమి’, ‘గుటె’, ‘బొపా’ లాంటివి. గుణింతం వంటబట్టిన పిల్లలు నవ్వుతూనైనా చదివేస్తారు. బట్టీ మీద నెట్టుకొస్తున్న పిల్లలు అక్కడే ఆగిపోతారు.

తొందరపడమని ఎందుకంటున్నానంటే, ఒకటి రెండు తరగతుల్లో చదవడం నేర్పుతారు. మూడో తరగతి దాటాక చదివి నేర్చుకోమంటారు. లెక్కల్లోనూ ప్రశ్న చదివితేనే కదా అర్థమయ్యేది! చదవడం రాని బిడ్డ అక్కణ్నుంచి అన్నింట్లోనూ వెనకబడుతుంది. ‘పెద్దయితే అదే వస్తుందిలే’ అని ఇంట్లో పెద్దలు ప్రేమతోనే అంటారు. ఆ ప్రేమ మాటకే రెండేళ్లు పోతాయి.

ఈ గుర్తులు చూడండి. రెండో తరగతి సగమైనా మ, య తేడా తెలియకపోవడం. ప, ష, వ కలగాపులగం కావడం. ‘కుక్క’ను ‘కుక’ అని, ‘చెట్టు’ను ‘చెటు’ అని ఒత్తు మింగేయడం. ‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుందని నోటితో అడిగినా చెప్పలేకపోవడం. నిన్న చదివిన మాట ఇవాళ కొత్తగా కనిపించడం. మాటలు ఆలస్యంగా రావడం. ఇంట్లో తండ్రికో మేనమామకో చిన్నప్పుడు ఇదే ఇబ్బంది ఉండటం. ఒకటీ అరా ఉంటే కంగారు వద్దు, పిల్లలన్నాక తప్పులు చదువుతారు. నాలుగైదు కలిసి నెలల తరబడి కనిపిస్తే మాత్రం ఆగకండి.

ఇంకో గుర్తు పుస్తకంలో కనిపించదు. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి. తెలుగు పీరియడ్ రాగానే దాహం, బాత్రూమ్. ఉన్నట్టుండి పెరిగిన అల్లరి. చదవలేనని నలుగురిలో బయటపడేకన్నా అల్లరివాడనిపించుకోవడమే నయమని పిల్లలు అనుకుంటారు. దయచేసి కొట్టకండి, పక్కింటి పిల్లతో పోల్చకండి. బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో ఆ హద్దు మనమే గీసుకోవాలి.

చదవలేని ప్రతి బిడ్డకూ డిస్లెక్సియా, అంటే చదవడంలో ఇబ్బంది పెట్టే అభ్యసన వైకల్యం, ఉందనుకోవద్దు. ప్రథమ్ సంస్థ ‘అసర్’ 2024 సర్వే ప్రకారం మన దేశంలో పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27.1 శాతమే. మిగతా వాళ్లందరికీ వైకల్యం ఉందా? లేదు. చాలామందికి సరైన అభ్యాసం అందలేదు, అంతే. అందుకే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. చెవిలో చీము తరచూ కారే బిడ్డకు శబ్దాల తేడా సరిగా వినపడకపోవచ్చు. బడికి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) వైద్య బృందానికి ఈ సంగతి చెప్పండి.

అవన్నీ బాగున్నా చదువు సాగకపోతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రాన్ని గానీ, జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రాన్ని గానీ అడగండి. డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. దాన్ని వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన రీతిలో బోధించే బాధ్యత బడిదేనంది. ధ్రువపత్రం సాధారణంగా ఎనిమిదేళ్లు వచ్చాకే ఇస్తారు. సాయానికి మాత్రం ఆ కాగితం అక్కర్లేదు, ఆరేళ్లకే మొదలుపెట్టవచ్చు.

మీ ఆందోళనను సొమ్ము చేసుకునేవాళ్లు కాచుకుని ఉంటారు. రంగు కళ్లద్దాలు, జ్ఞాపకశక్తి టానిక్కులు, ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ శిబిరాలు చదవడం నేర్పవు. వాటికి డబ్బు తగలేయకండి. ఫలానా బడి మంచిదట అని ఏడాది మధ్యలో బడి, మీడియం మార్చేయకండి. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే అక్షరం కుదరని బిడ్డ మీద ఇంకో భాష రుద్దితే భారం ఇంకా పెరుగుతుంది.

పనిచేసేది చాలా మామూలు పద్ధతి. శబ్దం, దాని అక్షరం, గుణింతం, ఆ తర్వాతే ఒత్తులు. రోజూ పావుగంట చాలు, నాగా పెట్టకూడదు. ఒక మెట్టు గట్టిపడ్డాకే రెండోది ఎక్కించాలి. చదివించాక మీరే ఒక కథ చదివి వినిపించండి, కథల మీద ఇష్టం చావకుండా ఉంటుంది.

టీచరమ్మలూ, మాస్టార్లూ, తరగతిలో ఇలాంటి బిడ్డ కనిపిస్తే ముందుగా తల్లిదండ్రుల చెవిన వేసేది మీరే కావాలి. తల్లిదండ్రులారా, ఈ వారమే బడికి వెళ్లండి. ఎన్ని మార్కులొచ్చాయని అడగకండి. మా బిడ్డ చదువుతూ ఎక్కడ ఆగిపోతోందని అడగండి. దసరా సెలవులయ్యాక చూద్దామనుకోకండి.