ఇంటింటి చిత్రశాల - ఎవరి సొత్తు?

పట్టణములందేగాక పల్లెలందును ఇంటిలోనే ఒక చిన్న చిత్రశాల నమర్చుకొను వేడుక నానాటికి ప్రబలుచున్నది. గోడనిండిన టెలివిజను, లేదా తెల్లని తెఱపై వెలుగును ప్రసరింపజేయు ప్రొజెక్టరు, నలుదిక్కులనుండి ధ్వనించు స్పీకర్లు ఒకప్పుడు ధనవంతుల విలాసములు. నేడు సామాన్య గృహస్థుడు వాయిదాలపై వీనిని కొని తెచ్చుకొనుచున్నాడు. దీనిని మేము తప్పుపట్టము. కుటుంబమంతయు ఒకచోట గూర్చుండి మంచి చిత్రమును చూచుట నిందింపదగిన పని కాదు. కాని యంత్రములను పది దుకాణములు తిరిగి, బేరమాడి, పూచీకత్తు చూచుకొని కొను ఆ గృహస్థుడే, ఆ యంత్రములపై ఆడు చిత్రములను ఏ షరతులపై తెచ్చుకొనుచున్నాడో విచారించుట లేదు. యంత్రపు వెల ఒక్కమారు చెల్లించునది. చిత్రముల వెల ఎన్నటికిని తీరనిది. కావున ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట అవసరమని తలంచితిమి.

ఇంటికి చిత్రములను తెచ్చుకొనుట క్రొత్త సంగతి కాదు. 1980 తరువాత మన ఊళ్ళలో వీడియో క్యాసెట్ల దుకాణములు వెలసినవి. పెండ్లికో పండుగకో క్యాసెట్లను, వానిని ఆడించు యంత్రమును, టెలివిజనును కలిపి అద్దెకు తెచ్చి, తెల్లవాఱు వఱకు వరుసగా మూడు చిత్రములు చూచినవారు నేటికిని కలరు. 2007 ప్రాంతమున మోజర్ బేయర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకును, డీవీడీని 34 రూపాయలకును అమ్మి, కొనుటయే అద్దెకంటె సులభమన్నట్లు చేసినది. ఆ కాలము గడచినది. అమెరికాలో 1985లో పుట్టి ఊరూర దుకాణములు తెఱచిన బ్లాక్‌బస్టర్ 2010లో దివాలా తీసినది. 1997లో స్థాపితమై, మఱుసటి ఏటినుండి టపాలో డీవీడీలను పంపిన నెట్‌ఫ్లిక్స్, 2007లో అంతర్జాల ప్రసారమునకు పూనుకొని, 2023 సెప్టెంబరు 29వ తేదీన తన కడపటి డీవీడీని పంపి ఆ వర్తకమును చాలించినది. మన దేశమున ఆ సంస్థ 2016 జనవరిలోను, అమెజాన్ వారి ప్రైమ్ వీడియో అదే సంవత్సరము డిసెంబరులోను అడుగిడినవి. తెలుగువారికై ‘ఆహా’ 2020లో వెలసినది. నేడు దుకాణము లేదు, టపా లేదు. చిత్రము తీగవెంట ఇంటిలోనికి వచ్చుచున్నది. ఈ సౌకర్యమును మేము కాదనము. ఆ తీగకు రెండవ కొన ఎవరి చేతనున్నదన్నదే మా ప్రశ్న.

ఇప్పుడు గృహస్థునకు గల మార్గములు నాలుగు: నెలచందా, ఒక చిత్రపు అద్దె, అంతర్జాలమున ‘కొనుగోలు’, పళ్ళెముల కొనుగోలు. ఒక్కొక్కదానిని తూచి చూతము.

చందా మార్గము చూపునకు చౌక. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ మన దేశమున వెలలు తగ్గించి, చేతిఫోనునకు మాత్రమే పనికివచ్చు చందాను నెలకు 149 రూపాయలుగను, మిక్కిలి స్ఫుటమైన 4కె చిత్రమునిచ్చు చందాను 649 రూపాయలుగను నిర్ణయించినది. పెద్ద తెఱకు తగినది ఈ రెండవదే. ఆ లెక్కను ఏడాదికి 7,788 రూపాయలగును. ఇట్టి చందాలు ఒకటితో తీఱవు. ఒక చిత్రము ఒకరియొద్ద, వేఱొకటి వేఱొకరియొద్ద ఉండుటచే, గృహస్థుడు మూడు నాలుగింటికి కప్పము కట్టవలసి వచ్చుచున్నది. అంతటితో పోక, ఇచ్చిపుచ్చుకొనుటలోని షరతులను నడుమనే మార్చు అధికారమును అమ్మువాడు తనయందే ఉంచుకొనుచున్నాడు. 2025 జూనులో ప్రైమ్ వీడియో మన దేశపు చందాదారులకు ప్రకటనలను చూపనారంభించి, అవి వలదనువారు ఏడాదికి మఱి 699 రూపాయలు చెల్లింపవలెనన్నది. నిన్నటివఱకు చందాలో చేరియున్న సౌఖ్యమునకే నేడు వేఱుగా వెల! చందా మానిన నాడు చేతిలో మిగులునది శూన్యము.

అద్దె మార్గమున ఇట్టి మాయ తక్కువ. ఆపిల్ సంస్థ 2006లో చిత్రముల అమ్మకమును, 2008లో అద్దెను ఆరంభించినది. యూట్యూబునందును మనవారికి అద్దె చిత్రములు లభించుచున్నవి. సాధారణ నియమమేమన, వెల చెల్లించిన 30 దినములలో చూచుటకు మొదలిడవలెను. మొదలిడిన 48 గంటలలో ముగింపవలెను. ఇది పాత క్యాసెట్టు దుకాణపు నియమమువంటిదే. తిరిగి ఇచ్చు శ్రమ మాత్రము లేదు. 2023 జూనులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ క్రొత్త చిత్రమును విడుదలనాడే 99 రూపాయలకు ఇంటిలో చూపు పద్ధతిని ప్రవేశపెట్టినది. సినిమాశాల లేని పల్లెకు అట్టి ఏర్పాటు ఉపకరించునని మా నమ్మకము. అద్దె అని చెప్పి అద్దెకిచ్చుటయందు మోసము లేదు. ఒక్కమారు చూచి విడువదగిన చిత్రములు నూటికి తొంబది; వానికి అద్దెయే తగిన మార్గము.

‘దించుకొనుట’ అను మాటను గూర్చి ఒక భ్రమను తొలగింపవలసియున్నది. చందాదారుడు ప్రయాణమునకై తన ఫోనులోనికి దించుకొన్న చిత్రము అతని సొత్తు కాదు. అది ఆ సంస్థ అనువర్తనమునందే ఆడును. గడువు తీరగనే తాళము పడును. చందా మానిన యెడల మాయమగును. ఇల్లు మనదే, పెట్టె మనదే. తాళపుచెవి మాత్రము పొరుగువాని మొలలోనున్నది.

ఇక మూడవ మార్గము ‘కొనుగోలు’. మా ఆక్షేపణయంతయు ఈ మాటపైననే. లోకములో కొనుట అనగా నేమి? కొన్నవాడు దానిని దాచుకొనవచ్చును, స్నేహితునకు ఎరువీయవచ్చును, తిరిగి అమ్మవచ్చును, బిడ్డలకు విడిచిపోవచ్చును. అంతర్జాలమున కొన్న చిత్రమునకు ఈ నాలుగింటిలో ఒక్కటియు చెల్లదు. కొన్నవానికి దక్కునది చూచుటకు అనుమతి మాత్రమే. ఆ అనుమతియు అమ్మినవాని ఒప్పందములు నిలిచియున్నంత వఱకే.

ఇది ఊహ కాదు. 2011లో అమెరికాలోని చిత్రనిర్మాణ సంస్థలు కలిసి నెలకొల్పిన అల్ట్రావయొలెట్ అను చిత్రభాండారము 2019 జూలై 31వ తేదీన మూతపడినది. సోనీ ప్లేస్టేషన్ అంగడి 2021 ఆగస్టు చివర చిత్రముల అమ్మకమును మానినది. మఱుసటి ఏట జర్మనీ, ఆస్ట్రియా దేశములందు స్టూడియోకెనాల్ చిత్రములను కొన్నవారి భాండారములనుండియే తొలగించినది. 2023 డిసెంబరులో డిస్కవరీ కార్యక్రమములను అట్లే తొలగింతుమని ప్రకటించి, ఒప్పందము మార్చుకొని, ఆ ప్రయత్నము మానుకొన్నది. 2025 జూలైలో మైక్రోసాఫ్ట్ సైతము చిత్రముల అమ్మకమును నిలిపివేసినది. పూర్వము కొన్నవారు చూచుకొనవచ్చునని అభయమిచ్చినది. ఇవి చిన్న చితక వర్తకులు కావు, లోకమున మహాసంస్థలు. వీరి అంగళ్ళే మూతపడుచుండగా, వారి గిడ్డంగిలో మన సొత్తు క్షేమమని నమ్ముటెట్లు?

ఈ మాటలోని అసత్యమును కాలిఫోర్నియా రాష్ట్రము గుర్తించినది. అనుమతిని మాత్రమే అమ్ముచు, ఆ సంగతిని స్పష్టముగా తెలుపక ‘కొనుడు’ అని పిలువరాదని అచట చేసిన శాసనము 2025 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. ఆ సంస్థలలో అనేకములు పుట్టి పెరిగిన దేశమున, ఆ సినిమా పరిశ్రమకు పుట్టినింటివంటి రాష్ట్రముననే ఇట్టి శాసనము అవసరమైనప్పుడు, మన దేశమున దాని అవసరము తక్కువయగునా? మనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు. తప్పుదారి పట్టించు ప్రకటనలను అరికట్టుటకు ఒక కేంద్రాధికార సంస్థయు కలదు. అంతర్జాల వర్తకులు జనులను మభ్యపెట్టు పద్ధతులను నిషేధించుచు ఆ సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకములను ప్రకటించినది. వానికి ఒక్క వాక్యము చేర్చిన చాలును: అద్దెను అద్దె యనవలెను, అనుమతిని అనుమతి యనవలెను, తిరిగి తీసికొనజాలనిదానినే కొనుగోలు అనవలెను.

నాలుగవది పళ్ళెము. ఇది పాతదని నవ్వువారు కలరు. కాని చిత్రశాలకై లక్ష వెచ్చించినవాడు ఈ లెక్కను వినవలెను. నెట్‌ఫ్లిక్స్ 4కె ప్రసారమునకు సెకనుకు 15 మెగాబిట్ల వేగము చాలునని చెప్పుచున్నది. గంటకు సుమారు 7 గిగాబైట్లు. రెండున్నర గంటల చిత్రమునకు పదునేడున్నర. 4కె బ్లూరే పళ్ళెము 66 గిగాబైట్లను, కొన్ని 100 గిగాబైట్లను ఇముడ్చుకొనును. దానియందలి వేగము సెకనుకు 100 మెగాబిట్లను దాటగలదు. చీకటి దృశ్యములలో తెఱపై మచ్చలు మచ్చలుగా కనుపించుటకును, ఉఱుము వంటి ధ్వని బోలుగా వినుపించుటకును కారణము పలుమాఱు యంత్రము కాదు. కుదించి పంపిన సరకు. చిన్న తెఱపై ఈ భేదము తెలియదు. నూఱు అంగుళముల తెఱపై దాగదు. మఱియొక సంగతి: 4కె ప్రసారమునకు పెట్టె, ధ్వనియంత్రము, తెఱ ఈ మూడును నకలును నిరోధించు ఒకే కట్టుబాటునకు లోబడినవి కావలెను. నడుమనొక్కటి పాతదైనను చిత్రము మసకబాఱును, లేదా అసలే రాదు. కావున చందా కట్టుటకు ముందు ఈ మూడింటిని పరీక్షించుకొనుట మేలు.

ఐతే తెలుగువాడు పళ్ళెమును కొనదలచినను దొరకుట లేదు. వింత యేమన, ‘బాహుబలి’ చిత్రము జపానులో బ్లూరే పళ్ళెములుగా వెలువడి అచటి అభిమానుల బీరువాలను అలంకరించుచున్నది. బ్లూరే పళ్ళెములకు లోకమును మూడు ప్రాంతములుగా విభజించినారు. జపాను ఒకదానియందు, భారతదేశము వేఱొకదానియందు చేరినవి. ప్రాంతభేదమును పాటించు పళ్ళెమైనచో, మన చిత్రమును ఆ దేశమున కొనితెచ్చినను మన యంత్రమున ఆడదు. మన పంట పొరుగూరి గాదెలో నిండుచుండ, మన యింట కొలత గింజలకు కటకట!

ఇన్ని చిక్కులేల, దొంగచాటున దొరకు నకళ్ళను ఉచితముగా చూడరాదా యనువారు కలరు. మేము అంగీకరింపము. వెలుగుబంట్లు పట్టువాడు మొదలు కథారచయిత వఱకు వేలాది కుటుంబముల కూడు అందున్నది. శాసనమును కఠినమే, 2023 నాటి సవరణను బట్టి సినిమాశాలలో చిత్రమును దొంగతనముగా పట్టి పంచువారికి 3 నెలలకు తక్కువ కాని చెఱ కలదు. కాని చట్టము ఒక వంక మాత్రమే నిలువరాదు. దొంగిలించువానిని శిక్షింపుమని కోరు వర్తకుడు, వెల తీసికొని సొత్తును ఈయని తన పద్ధతిని కూడ సవరించుకొనవలెను.

ఈ విషయమున ఒక కుటుంబపు రూకలకంటె గొప్పది ఒకటి కలదు. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ నేడు మనకు దక్కలేదు. 2003 జనవరిలో పూణెలోని జాతీయ చిత్రభాండారమున నైట్రేటు ఫిల్ములు అగ్నికి ఆహుతియైనవి. అప్పటి నష్టములకు నిప్పు, చెమ్మ, అశ్రద్ధ కారణములు. రేపటి నష్టమునకు అవి యేవియు అక్కఱలేదు. ఒక సంస్థ లెక్కల పుస్తకమున ఒక చిత్రము గిట్టుబాటు కాదని తేలిన చాలును. తీగవెంట మాత్రమే విడుదలయై, పళ్ళెముగాని ఫిల్ముగాని ఎఱుగని చిత్రములు నేడు అనేకములు. పుస్తకమును ముద్రించినవాడు ఒక ప్రతిని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును, మదరాసు కన్నెమరా మొదలగువానికిని పంపవలెనని 1954లో చేసిన శాసనము కలదు. ఆ శాసనమున చలనచిత్రమునకు చోటు లేదు. ఉండవలెను.

ఆంధ్రులకు ఈ భావము క్రొత్త కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1911లో బెజవాడయందు రామమోహన గ్రంథాలయమును స్థాపించినది ప్రభుత్వము కాదు, ప్రజలు. పుస్తకము కొనలేనివాని యొద్దకు కాలువలలో పడవలమీద పుస్తకములను చేరవేసిన జాతి మనది. ఎరువు తెచ్చుకొని చదువుటలో మనము చిన్నతనమెఱుగము. ఆ పుస్తకము ఊరి సొత్తు గనుక. ఆ గ్రంథాలయములలోనే తెలుగు చిత్రముల నిలువ యొకటి ఉండరాదా? రెండు తెలుగు ప్రభుత్వములును, నిర్మాతల మండలులును కలిసి జిల్లాకొక్క చిత్రభాండారమును నెలకొల్పరాదా?

అది సిద్ధించువఱకు గృహస్థునకు మా సలహా ఇది. చందాలను ఒకేమాఱు నాలుగు కట్టకుడు. నెలకొక్కటి చొప్పున మార్చి కట్టుడు. ఒక్కమారు చూడదగినదానిని అద్దెకు తెచ్చుకొనుడు. బిడ్డలకును చూపవలెననిపించు చిత్రమునకు పళ్ళెము దొరకిన విడువకుడు. తెఱపై ‘కొనుడు’ అను మాట కనుపించినప్పుడు, దీనిని నా బిడ్డకు ఈయగలనా యని ఒక్క క్షణము ప్రశ్నించుకొనుడు. ఈయలేనిచో అది అద్దెయే. అద్దెకు అద్దె వెలనే ఇండు.