సోషలే కదా!

"సోషలే కదా!" అనని తల్లి ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. నేను మాత్రం ఎత్తలేను. మా అబ్బాయితో నేనూ అన్నదాన్నే.

మొన్న కురబలకోటలో మా చెల్లెలింటికి వెళ్ళాను. ఏడో తరగతి చదివే దాని కూతురు వసారాలో ఊగుతూ భూగోళం బట్టీ పడుతోంది. "ఈశాన్య ఋతుపవనముల వలన అక్టోబరు నుండి డిసెంబరు వరకు వర్షము పడును..." వంటింట్లోంచి మా చెల్లెలు కేకేసింది. "చాల్లే! సోషల్ పరీక్ష ముందురోజు చూసుకుందువుగానీ, లెక్కలు తియ్యి."

పిల్ల టక్కున పుస్తకం మూసేసింది. నాకు చురుక్కుమంది.

"ఏమే, మదనపల్లెలో పారే బాహుదా నీళ్ళు యాడికి పోతాయి?" అన్నాను.

"అది సిలబస్‌లో లేదు పెద్దమ్మా!"

నైలు నది ఏ సముద్రంలో కలుస్తుందో మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

తప్పు పిల్లది కాదు. నేను చదివినప్పుడూ అంతే. అవుట్‌లైన్ మ్యాపు మీద నీలం పెన్సిలుతో గీత గీస్తే మార్కులు. ఆ గీతలో నీళ్ళుంటాయని ఎవరూ చెప్పలేదు. (ఆర్ట్స్ చదివింది కనక ఇలాగే మాట్లాడుతుంది అంటారా? అనండి!)

అసలు ఈ ఊరి పిల్లకి భూగోళం నేర్పడానికి గ్లోబు ఎందుకు? దగ్గర్లోనే 4,100 అడుగుల పైచిలుకు హార్స్‌లీ కొండ ఉంది. పైకి పోయేకొద్దీ చలి ఎందుకో బస్సెక్కితే ఒళ్ళే చెబుతుంది. ఇక్కడి పొడిగాలి చూసే కదా 1910లలో మదనపల్లె పక్కన క్షయ రోగులకి ఆసుపత్రి కట్టారు! ఆ చోటి పేరే ఆరోగ్యవరం. 2022లో మన జిల్లా పేరు చిత్తూరు పోయి అన్నమయ్య అయింది గానీ కొండ కదల్లేదు, ఏరు దారి మార్చుకోలేదు.

ఈసారి బడికి వెళ్ళినప్పుడు లెక్కల మార్కులతో పాటు ఇదీ అడగండి. మా పిల్లల్ని ఒక్కసారైనా చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళారా?

ఆ సాయంత్రం నేనే మ్యాపు పరిచాను. బాహుదా, పింఛా కలిసి చెయ్యేరు. చెయ్యేరు పెన్నలో, పెన్న నెల్లూరు దాటి బంగాళాఖాతంలో. 2021 నవంబరులో బంగాళాఖాతంలోని వాయుగుండం ఈ కొండల మీద కుంభవృష్టి కురిపించింది. పైన పింఛా కట్ట తెగింది. 19వ తేదీ తెల్లారుజామున రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్టా తెగి, పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళ మీద పడింది. ఎందరో కొట్టుకుపోయారు. మా చెల్లెలి ఆడబిడ్డ కాపురం ఆ ఏటి ఒడ్డునే. మనుషులు దక్కారు. ఇల్లూ గొడ్లూ దక్కలేదు. పిల్ల ఊగుతూ వల్లించిన ఈశాన్య ఋతుపవనాల కాలం అదే.

పిల్ల వేలు ఏటి గీత మీద ఆగిపోయింది. "అయితే అత్తావాళ్ళింట్లోకి వచ్చింది మన మదనపల్లె నీళ్ళేనా పెద్దమ్మా?"

"అవీ ఉన్నాయమ్మా."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. మా చెల్లెలు తడిచేతులతోనే వచ్చి మ్యాపు మీదికి వంగింది.

"ఏదీ, వాళ్ళ ఊరు యాడుంది?" అంది.