తలుపులు తయారయ్యే చోట మనమూ ఉండాలి



సెలవులకు కైకలూరు వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, గ్రూప్స్‌కి కూర్చోవాలా, కంపెనీలో చేరాలా? చిన్న కంపెనీ అయితే నమ్మొచ్చా?" నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న టెక్నాలజీ కంపెనీల్లోకి మనవాళ్లు వెళ్లాలి. కళ్లు మూసుకుని కాదు, లెక్క చూసుకుని వెళ్లాలి. ముఖ్యంగా ఏ తలుపు ఎవరికి తెరుచుకోవాలో నిర్ణయించే యంత్రాలు తయారయ్యే చోట మనం లేకపోతే నష్టం మనకే.

నేను ఎం.సి.ఏ. పూర్తిచేసి ఏడాదిగా హైదరాబాదు మాదాపూర్‌లో అలాంటి ఒక స్టార్టప్‌లో పనిచేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేనే. మా నాన్న కొల్లేరు పక్కన చేపల చెరువు గట్టు మీద కాపలా ఉంటారు. నా పని ఏమిటో అమ్మకి వివరిస్తే, "అంటే నువ్వూ వాచ్‌మన్ పనే కదరా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. అమ్మ చెప్పింది నిజమే.

ఆ పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఆఫీసు తలుపు పక్కన గోడకి ఒక రీడర్ ఉంటుంది. అది కార్డునో, ఫోన్‌నో, వేలిముద్రనో, ముఖాన్నో చదువుతుంది. చదివిన సంగతి లోపల ఉన్న కంట్రోలర్ అనే చిన్న పెట్టెకు వెళుతుంది. ఈ మనిషికి, ఈ తలుపు దగ్గర, ఈ వేళలో అనుమతి ఉందా అని అది జాబితా చూసి, ఉంటే తాళాన్ని వదలమని చెబుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. పాతకాలపు 26 బిట్ల వీగాండ్ పద్ధతిలో కార్డు నంబరుకు 16 బిట్లే ఉంటాయి. అంటే 65,536 నంబర్లే. పైగా ఆ నంబరు తీగలో బట్టబయలుగా వెళుతుంది కాబట్టి దొంగిలించడం తేలిక. ఇప్పుడు వస్తున్న ఓ.ఎస్.డి.పి. పద్ధతిలో దాన్ని రహస్య లిపిలో పంపవచ్చు. మాలాంటివాళ్లం రాసే ప్రోగ్రాములు ఇలాంటి చోట్లే పనిచేస్తాయి.

ఇది ఎక్కడో అమెరికా ముచ్చట కాదు. వైమానిక దళంలో పైలట్‌గా పనిచేసిన విజయ్ అరిశెట్టి, మరో ఇద్దరు మిత్రులు కలిసి 2016లో బెంగళూరులో మొదలుపెట్టిన మైగేట్ యాప్ ఇప్పుడు ఎన్నో నగరాల అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర కనిపిస్తుంది. 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో టీ-హబ్ మొదలయ్యాక హైదరాబాదులోనూ స్టార్టప్‌ల సందడి పెరిగింది. ముఖం చూపిస్తే విమానాశ్రయంలోకి పంపే డిజియాత్ర 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలై, 2023లో మన గన్నవరానికీ వచ్చింది. గేటు దగ్గర మనిషిని గుర్తుపట్టే యంత్రం మన గుమ్మం దాకా వచ్చేసింది.

మరి ఇందులో మనకేమిటి పని అంటారా? మన పెద్దలకు తలుపు అంటే ఏమిటో గుర్తు చేసుకోండి. గుడి తలుపు, బావి గట్టు, హోటల్లో వేరే గ్లాసు. అందుకే రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాల పేర్లు పెట్టి మరీ కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని రాసింది. లోపలికి రానివ్వడం ఎంత పెద్ద విషయమో బాబాసాహెబ్‌కు తెలుసు. ఆ రోజుల్లో అడ్డం నిలబడ్డది మనిషి. ఇప్పుడు అడ్డం నిలబడేది ఒక జాబితా. ఆ మనిషిని నిలదీయొచ్చు. జాబితా రాసినవాడు మన కంటికి కనిపించడు.

ఒక ఉదాహరణ చెబుతాను. మా అమ్మ రొయ్యల ఫ్యాక్టరీలో తలలు ఒలిచే పనికి వెళుతుంది. ఐసు నీళ్లలో నాని నాని ఆమె వేలి గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర మిషను ఒకటికి నాలుగుసార్లు కాదంటుంది. ఇటుకల బట్టీలో, పొలంలో, సిమెంటు పనిలో ఉండేవాళ్లందరిదీ ఇదే గొడవ. మా కంపెనీలో వేలిముద్ర రీడర్ గురించి చర్చ జరిగినప్పుడు ఆఫీసు ఉద్యోగుల గురించే మాట్లాడారు. పొద్దున్నే వచ్చి ఆఫీసు తుడిచే అక్క వేలు చదవకపోతే ఏం చేయాలని నేను అడిగాను. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కార్డు, పిన్ నంబరు కూడా తప్పనిసరిగా ఉండాలని రాసుకున్నారు. నాతో పనిచేసేవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్ల ఇళ్లల్లో అరిగిపోయిన వేళ్లు లేవు, అంతే. మన ఇళ్లల్లో ఉన్నాయి. ఆ గదికి మనం తీసుకెళ్లే తెలివి అదే. అది ఏ కోచింగ్ సెంటర్లోనూ దొరకదు.

అపార్ట్‌మెంట్ యాప్‌ల సంగతీ అంతే. పనిమనిషి ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని గంటలకు వెళ్లింది రోజూ నమోదవుతుంది. ఆమె లెక్క యజమాని ఫోన్‌లో ఉంటుంది. ఆమె ఫోన్‌లో మాత్రం ఉండదు. ఆ లెక్క ఆమెకీ ఒక కాపీ వెళితే నెలాఖరున జీతం కోసేటప్పుడు ఆమె కూడా తన మాట చూపించుకోగలదు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది. ఆ హక్కు ఫ్లాటు యజమానికి ఎంత ఉందో, అంట్లు తోమే అమ్మకూ అంతే ఉంది. ఆ కాపీ పంపే నాలుగు వరుసల ప్రోగ్రాము రాయమని అడగాల్సింది ఎవరు? మనమే.

"మన నాన్నల కాపలా ఉద్యోగాలు తీసేసే మిషను మన చేత్తోనే చేయాలా?" అని ఒక సీనియర్ అన్న నన్ను అడిగారు. ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. కానీ మనం చేయకపోతే మిషను ఆగిపోదు. నేను చూసిన గేట్ల దగ్గర వాచ్‌మన్ ఇంకా ఉన్నాడు, కాకపోతే చేతిలోకి ఫోన్ వచ్చింది. ఆ ఫోన్ ఇంగ్లీషులో ఉంటే అరవై ఏళ్ల తాతయ్య ఇంటికి వెళ్లిపోవాలి. తెలుగులో ఉండి, చదివి వినిపిస్తే ఆయన ఇంకో పదేళ్లు చేయగలడు. ఈ తేడా తెలిసినవాడు లోపల ఉండాలా, బయట ఉండాలా?

ఇక రెండో వైపు. దూరపు కొండలు నునుపు అన్నారు. స్టార్టప్ మూతపడితే డబ్బున్నవాడు ఇంటికి వెళ్లి మళ్లీ ఆలోచించుకుంటాడు. మనం ఇంటికి వెళితే ఇల్లే మన వైపు చూస్తుంది. నా స్నేహితుడు చేరిన ఒక చిన్న కంపెనీలో రెండు నెలలు జీతాలు రాలేదు. అతను హాస్టల్ ఫీజు కోసం చెవిదిద్దులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. అందుకే చేరే ముందు నాలుగు మాటలు అడగండి. ఒకటి, జీతంలో చేతికి వచ్చేది ఎంత? రెండు, పి.ఎఫ్. ఉందా? 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థకు అది వర్తిస్తుంది. మూడు, బాండు రాయించుకుంటారా, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారా? అడిగితే లేచి వచ్చేయండి. నాలుగు, షేర్లు ఇస్తామంటే ఎప్పటికి చేతికొస్తాయి? చట్టప్రకారం ఇచ్చిన తేదీ నుంచి కనీసం ఏడాది ఆగాలి. ఇంటి ఖర్చుకు పనికొచ్చేది జీతమే. షేర్లు లాటరీ టిక్కెట్టు లాంటివి.

గవర్నమెంటు ఉద్యోగాన్ని నేను తక్కువ చేయడం లేదు. 2019లో సచివాలయ ఉద్యోగాలు వచ్చినప్పుడు మన హాస్టళ్ల పిల్లలు ఎందరి ఇళ్లల్లోనో పొయ్యి నిలబడింది. కానీ ఒక పోస్టుకు ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ పాతికేళ్లు దాటించుకోవడం కంటే, పని చేస్తూ చదువుకోవడం మేలు. ఇంజనీరింగే అక్కర్లేదు. తలుపుకు రీడర్ బిగించి, తీగలు కలిపి, నెట్‌వర్క్ సరిచేసే పనికి ఐ.టి.ఐ., డిప్లొమా చదివినవాళ్లు కావాలి. ఆ పని చేతికొస్తే ఏలూరు, తాడేపల్లిగూడెంలోనే సొంతంగా బతకొచ్చు.

ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్ లేదు. అక్కడ నడిచేది రెఫరల్. లోపలున్నవాడు ఒక పేరు చెబితే ఇంటర్వ్యూకి పిలుస్తారు. పెద్దింటి పిల్లలకు బాబాయిలు, మావయ్యలు ఉంటారు. మనకెవరున్నారు? ఈ హాస్టల్ ఉంది. కాబట్టి పూర్వ విద్యార్థులను చేతులు జోడించి కోరుతున్నాను. ఏటా వార్షికోత్సవానికి వచ్చి శాలువాలు కప్పించుకోవడంతో సరిపెట్టుకోకండి. ఎవరు ఎక్కడ, ఏ పనిలో ఉన్నారో ఒక జాబితా తయారు చేసి వార్డెన్ సార్ దగ్గర పెడదాం. ఏడాదికి ఒక్కొక్కరం ఇద్దరు పిల్లల చేత మాక్ ఇంటర్వ్యూ చేయించి, వారి పేర్లు మన ఆఫీసులో చెబుదాం. మా కంపెనీలో ఖాళీ వచ్చినప్పుడు నేను మొదలుపెడతాను.

హాస్టల్ పెద్దలకూ ఒక విన్నపం. వేలిముద్ర మిషను ఎక్కడ పెట్టినా పక్కన మామూలు రిజిస్టరు కూడా ఉంచండి. మిషను కాదన్న రోజు పిల్లవాడి హాజరు, అన్నం ఆగకూడదు. అలాగే రాత్రిపూట గేటుకు తాళం వేసినా, అగ్నిప్రమాదం వస్తే లోపలున్న పిల్లలు తాళంచెవి కోసం వెతక్కుండా బయటపడే దారి ఉండాలి. మా రంగంలో కరెంటు పోగానే వదిలేసే తాళం ఒకటి, పోయినా బిగిసే ఉండేది ఒకటి ఉంటాయి. మనుషులు బయటికి వచ్చే దారిలో మొదటి రకమే పెట్టాలని మాకు మొదటివారమే నేర్పారు. బయటివాణ్ణి ఆపడం సగం కాపలా. లోపలివాణ్ణి క్షేమంగా బయటికి పంపడం మిగతా సగం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బాగా చదవండి. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు తడబడిందని వెనక్కి రాకండి. మీకు తెలిసిన జీవితం అవతల కూర్చున్నవాళ్లకు తెలియదు. అది చెప్పడానికైనా లోపలికి వెళ్లండి.