తండ్రి పేరు

జహీరాబాదు ప్రాంతమునకు చెందిన కుటుంబము తన వంశవృక్షమును వ్రాసికొనదలచినచో తాత వరకు పని సులభముగా సాగును. ముత్తాత వద్ద కలము తడబడును. ఆయన తండ్రి యెవరన్న ప్రశ్న వచ్చినంతనే ఇంటిలోని పెద్దలు ఒకరి ముఖము నొకరు చూచుకొందురు. ఇది అశ్రద్ధ వలన మాత్రమే కలిగిన చిక్కు కాదు. ఈ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోని బీదరు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన నిర్ణా సర్కిలు మినహాగా తక్కిన భాగము ఆంధ్రప్రదేశమునకు వచ్చి మెదకు జిల్లాలో చేరెను. 2016లో సంగారెడ్డి జిల్లాకు మారెను. ఇంటిలో తెలుగో కన్నడమో మాటలాడిన రైతు కచేరీలో ఉర్దూ లిపిలో నమోదైనాడు. ఆ లిపి నేటి మునిమనుమనికి రాదు. ముత్తాత పేరు కాగితము మీద నుండియు కంటికి కనబడకున్నది.

చదువగలవారిని వెదకి చదివించినను చిక్కు తీరునా? ఆనాటి దఫ్తరములలో పురుషుని పేరునకు తరువాత 'వల్ద్' అని వ్రాసి తండ్రి పేరు చేర్చుట వాడుక. స్త్రీ పేరునకు 'బింతే' అని వ్రాసినచో ఫలానావాని కూతురు. 'జౌజే' అని వ్రాసినచో ఫలానావాని భార్య. వ్రాయసగాని తొందరలో ఒక మాటకు బదులు మరొక మాట పడినచో కూతురు భార్య యగును. దత్తుడు, ఇల్లరికపు అల్లుడు పెంచినవాని పేరుతోనో మామ పేరుతోనో నమోదగుట కలదు. మనుమనికి తాత పేరు పెట్టుట మనవారి ఆచారము గనుక రెండు తరముల వారు ఒక్కరుగా కలిసిపోవుటయు కలదు. విరాసతు కాగితములు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ మొదలైనవి భూమి యెవరి స్వాధీనములో నున్నదో చెప్పుటకు పుట్టినవి. ఎవరి కడుపున ఎవరు పుట్టిరో చెప్పుటకు కాదు. వంశము చెప్పుటయే వృత్తిగా గల పిచ్చకుంట్లవారు రెడ్ల యిండ్లకు వచ్చి గోత్రములు, తరములు వల్లించెడివారు. వారిని యాచకులని తలచి గుప్పెడు గింజలతో పంపివేసినవారే నేడు ఆ తరముల కొరకు వెదకుచున్నారు.

సామాన్యుల సంగతి అట్లుండగా రాజుల వంశములకైన ఈ తిప్పలు తప్పలేదు. జహీరాబాదునకు కొద్ది దూరముననే యున్న బీదరు కోటలో ఒక కన్నడ శాసన ఖండము దొరికినది. కాకతి రుద్రమదేవి దండయాత్రలలో తాను వెంట నడచితినని సింద వంశపు భైరవుడను సామంతుడు అందు చెప్పుకొనినాడు. ఇంతటి రాణి యెవరి బిడ్డయో చాలకాలము వివాదమైనది. పదమూడవ శతాబ్ది చివర ఈ తీరమును గూర్చి వ్రాసిన మార్కోపోలో ఆమెను మరణించిన రాజు యొక్క భార్యగా పేర్కొనెను. ఆ మాట నమ్మి ఆమెను గణపతిదేవుని భార్యగా వ్రాసిన చరిత్రకారులు కలరు. గణపతిదేవునికి కుమారులు లేరు. కూతురిని రుద్రదేవుడను పురుషనామముతో రాజ్యమునకు నిలిపెను. పరదేశి కా మర్మము తెలియలేదు. 1261 నాటి మల్కాపుర శాసనము ఆమెను గణపతిదేవుని కుమార్తెగా చెప్పుచున్నది. ఆమె భర్త నిడదవోలు చాళుక్యుడైన వీరభద్రుడు. ఆమె తరువాత సింహాసనమెక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కుమార్తె ముమ్మడమ్మ కొడుకు. కాకతీయ వంశము రెండు తరములు స్త్రీల మీదుగా నడచినదన్నమాట. తండ్రి పేరు మాత్రమే అడుగు పట్టికలో ఈ వంశము ఇముడునా?

మరియు వెనుకకు పోయినచో చిక్కు మరింత బిగియును. కాకతీయులలో మొదటి బేతరాజు పూర్వు లెవరో నిర్ణయించుటకు పరిశోధకులకు రెండు శాసనములు ఆధారమైనవి. ఒకటి తూర్పు చాళుక్య దానార్ణవుని 956 నాటి మాగల్లు శాసనము. రెండవది బయ్యారము చెరువుగట్టు శాసనము. దీనిని వేయించినది గణపతిదేవుని సోదరి మైలాంబ. పుట్టినింటి పూర్వుల నామె వెన్న నృపుని మొదలుకొని వరుసగా చెప్పినది. అందు గుండరాజులే పలువురు! రెండు శాసనములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినప్పుడు గుండ, ఎఱ్ఱ అను పేర్లు సరిపోయినవి. కాని మాగల్లు శాసనము చెప్పిన బేతియ యను పూర్వుడు బయ్యారము వరుసలో లేడు. ఘనకార్యమేమియు చేయనందున మైలాంబ అతనిని విడిచియుండునని కొందరి ఊహ. ఊహ బాగుగనే యున్నది. ఐనను చేసిన కార్యము చిన్నదైనంతమాత్రమున తండ్రి తండ్రి కాకపోవునా అన్న సందేహము మిగులుచున్నది. ఇందు గమనింపదగినది వారి పద్ధతి: ఒక్క శాసనమును చూచి వారు తృప్తిపడలేదు, పేరొక్కటే సరిపోయినదని నమ్మలేదు, కాలము, చోటు, బంధుత్వము మూడును కలిసిన పిమ్మటనే వంశక్రమమును నిర్ణయించిరి. ఇంటి ముత్తాతను వెదకు విద్యార్థికి ఇంతకంటె మంచి పాఠము లేదు.

ఇక తండ్రి పేరు దొరకుట కాదు, చెప్పుటయే కష్టమైన ఇండ్లున్నవి. తెలంగాణపు పల్లెలలో బాలికలను జోగినులుగా దేవునికి విడుచు దురాచారము చిరకాలము నడచెను. 1988లో దానిని నిషేధించుచు శాసనము వచ్చినది. ఆ తల్లుల బిడ్డలు బడికి వచ్చినపుడు మొదట ఎదురగునది ప్రవేశపు రిజిస్టరులోని తండ్రిపేరు గడి. గడి ఖాళీగా నుండరాదని మేనమామ పేరో, తాత పేరో, దేవుని పేరో వ్రాసినచో ఆ పూటకు పని గడచును. కాని నూరేండ్ల తరువాత ఆ రిజిస్టరును తెరచు మునిమనుమనికి ఆ పేరే సత్యమగును. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు గౌతముని యొద్దకు వచ్చి తన గోత్రము తల్లికిని తెలియదని ఉన్నదున్నట్లు చెప్పెను. గురువు గడి నింపుటకు పూనుకొనలేదు. తల్లి జబాల పేరుతోనే జాబాలుడని అతనిని శిష్యునిగా స్వీకరించెను. పెండ్లికాని తల్లి తన బిడ్డకు సంరక్షకురాలగుటకు తండ్రి పేరు వెల్లడింపనక్కరలేదని 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అప్పటికి ఉపనిషత్తు వెలసి రెండువేల యేండ్లు దాటినవి.

ఉపాధ్యాయుడు వ్రాయు రిజిస్టరు కూడ ఒక శాసనమే. అందు తెలిసినది తెలిసినట్లు, తల్లి చెప్పినది ఆమె చెప్పినట్లు వ్రాసిన చాలును. విద్యార్థులు సెలవులలో ఇంటికి పోయినపుడు కచేరీకి పరుగెత్తక ముందు అవ్వ దగ్గర కూర్చుండవలెను. ఆమె పుట్టిన ఊరేది, పుట్టినింటివారి యింటిపేరేది, ఆమె తల్లి పేరేది అని అడిగి, అడిగిన తేదీతో సహా వ్రాసికొనవలెను. పహాణీలో ఆమె ఫలానావాని భార్యగా మాత్రమే యున్నది. తక్కినది ఆమె నోటనే యున్నది.