తువ్వాలు కొనే ముందు

దళసరి తువ్వాలే మేలైనదని మనలో పలువురి నమ్మకం. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురిసే అండమానులో ఆ నమ్మకం చెల్లదని మేము మనవి చేయదలచాము.

టర్కీ తువ్వాలు నేతకు రెండు పడుగులు కావాలి. ఒకటి బిగువుగా, మరొకటి వదులుగా ఉంటుంది. సాధారణంగా మూడేసి పేక పోగులను కొంత ఎడంగా నిలిపి, పిదప ఒక్కసారిగా ముందుకు నెట్టుతారు. అప్పుడు వదులు పడుగు ఉంగరాలవలె లేస్తుంది. తడిని ప్రధానంగా పీల్చేవి ఈ ఉంగరాలే. ఈ నేతకు పేరుపొందిన షోలాపురంలో తెలంగాణ నుండి వలస వెళ్లిన పద్మశాలీలు అనేకులు.

ఉంగరాలు పొడవైనకొద్దీ తువ్వాలు మెత్తనిదే; కాని ఆరడానికి అంత ఆలస్యం. మే నుండి డిసెంబరు వరకు రెండు ఋతుపవనాలు తడిపే మన క్వార్టర్ల వరండాలలో అది ముక్కవాసన పట్టి, బూజుకు తావిస్తుంది.

కనుక చదరపు మీటరుకు 300 నుండి 400 గ్రాముల తూకం గల నూలు తువ్వాళ్లనే ఎంచుకొందాం. మనిషికి దళసరిది ఒకటి కొనడంకంటె పలుచనివి రెండు మేలు. మడిచి చూసినప్పుడు ఉంగరాల నడుమ అడుగు నేత బయటపడరాదు. మెత్తదనానికై ఉతుకులో కలిపే ద్రావకాలు పోగులపై పూతగా నిలిచి పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి. పోగు లేస్తే లాగక, కత్తెరతో కత్తిరిస్తే చాలు.