దూరమే చాటు

ఫోనుకు తగిలించుకునే దూరపు లెన్సుల గురించి ఈమధ్య వస్తున్న ప్రకటనలన్నీ ఒకే మాట చెబుతున్నాయి. మీరు నిలబడ్డ చోటి నుంచి కదలనక్కర్లేదట. దూరాన ఉన్నదంతా మీ చేతిలోకి వచ్చేస్తుందట. ఆ దూరాన ఉన్నది కొండో, పిట్టో, నిండు చందమామో అయితే నాకే పేచీ లేదు. కాని మా ఊళ్ల వైపు దూరాన కనబడేది ఎక్కువగా ఆడవాళ్లు. పత్తి చేన్లో నడుం వంచినవాళ్లు, చెరువు కట్ట దిగువన బట్టలు ఉతుకుతున్నవాళ్లు, బోరు మోటారు దగ్గర ఒంటి మీద నీళ్లు పోసుకుంటున్నవాళ్లు, పొద్దుగూకినాక గుండ్ల చాటుకు పోతున్నవాళ్లు. వీళ్లు ఎవరి చేతిలోకి రావాలి? ఎందుకు రావాలి? వస్తారా అని వీళ్లను ఎవరైనా అడిగారా?

ముందు ఈ సరుకు సంగతి చూద్దాం. 2025 చివర్లో వివో, ఒప్పో కంపెనీలు మన దేశంలో ఖరీదైన ఫోన్లతోబాటు వాటికి బిగించే విడి లెన్సులను కూడా అమ్మకానికి పెట్టాయి. వివో ఎక్స్300 ప్రో ఫోను దాదాపు లక్షా పదివేల రూపాయలు. దాని మీద బిగించే జైస్ లెన్సు మరో 19 వేలు. ఫోనులో ఉన్న 85 ఎం.ఎం. దూరపు కెమెరాను చిన్న గ్లాసంత ఉండే ఆ లెన్సు 200 ఎం.ఎం.కి పెంచుతుంది. లెక్క వేస్తే, ఏభై మీటర్ల అవతల వరసగా పత్తి తీస్తున్న నలుగురు ఆడవాళ్లతో బొమ్మ నిండిపోతుంది. వెనకాల ఉన్నది 200 మెగాపిక్సెళ్ల సెన్సారు కనక ఆ నలుగురిలోంచి ఒక్కరిని కోసుకుని పెద్దది చేసుకోవచ్చు. జేబు కెమెరాలది ఇంకో దారి. రికో జీఆర్, డీజేఐ ఆస్మో పాకెట్ లాంటివి చొక్కా జేబులో, ప్యాంటు జేబులో ఇమిడిపోతాయి. లోపలి సెన్సారు మాత్రం మామూలు ఫోన్లలో ఉండేదానికంటే చాలా పెద్దది. వీధి ఫొటోగ్రఫీ చేసేవాళ్లు వీటిని మెచ్చుకునే కారణాల్లో మొదటిది, ఎదుటివాళ్లు గమనించరు అనేది. ఒకటి దగ్గరికి పోకుండా తీస్తుంది, ఇంకొకటి దగ్గరికి పోయినా తెలియకుండా తీస్తుంది. రెండింటిలోనూ తప్పిపోయేది ఒక్కటే. తీయించుకునే మనిషి ఒప్పుకోలు.

ఇదివరకు దూరపు లెన్సు అంటే మోచేయంత పొడుగు. దాన్ని మోసేవాడు అల్లంత దూరాన ఉండగానే తెలిసిపోయేది. నేను నల్లగొండ జిల్లాలో పుట్టి, పాలమూరు కాలేజీల్లో పాతికేళ్లు పాఠాలు చెప్పినదాన్ని. దేవరకొండ వైపు పత్తి ఏరే ఒకామె నాతో అన్నది: "పెద్ద కెమెరా వట్టుకొస్తె ఎరుకైతుండె. కొంగు సదురుకుంటుంటిమి, లేకుంటె తిడుతుంటిమి. ఇప్పుడు ఫోన్ల మాట్లాడుతుండా, ఫోటో దీస్తుండా, ఎట్ల తెల్వాలె మేడం?" కొంగు సర్దుకోవడం, తిట్టడం చిన్న పనులుగా కనబడతాయి. కాని కెమెరా ముందు ఆ ఆడవాళ్లకు ఉన్న హక్కులు ఆ రెండే. కొత్త లెన్సు ఆ రెండింటినీ లాగేసుకుంది.

ఇక్కడ మనం ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. చాటు అనేది అందరికీ ఒకే సామానుతో తయారుకాదు. చదువుకున్న, ఇల్లున్న ఆడవాళ్లకు చాటు అంటే గోడ, తలుపు, గడియ, కిటికీ పరదా. కూలి ఆడవాళ్లకు చాటు అంటే దూరం. ఇళ్లలో మరుగుదొడ్లు కట్టారు, మంచిదే. పొద్దున ఎనిమిదికి చేన్లోకి పోయి సాయంత్రం దాకా వంగి ఉండే మనిషికి ఇంట్లోని మరుగుదొడ్డి ఏం పనికొస్తుంది? ఇటుక బట్టీల దగ్గర, రోడ్డు పనుల దగ్గర డేరాల్లో బతికే పాలమూరు వలస ఆడవాళ్లకు ఎవరు కట్టారు? మగవాళ్లకు కనబడనంత దూరం నడిచిపోవడం, ఒకరికొకరు కావలి కాయడం, చీకటి పడేదాకా ఓర్చుకోవడం, ఇవే వాళ్లు కట్టుకున్న గోడలు. రాయీ సున్నం లేకుండా కాళ్లతో కట్టుకున్న గోడలు. దూరాన్ని చెరిపేసే పరికరం ఒకటి బజారుకు వచ్చిందంటే, గోడలున్నవాళ్లకు అది వినోదం. దూరమే గోడగా బతికేవాళ్లకు మాత్రం అది ఇల్లు కూల్చడమే.

ఇది కొత్తగా మొదలైన అన్యాయం కాదు. 1892లో హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే పెద్దింటి స్త్రీల కోసం ఎత్తయిన గోడల మధ్య నడిచిన ఆ స్టూడియోను ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. బొమ్మ తీసేదీ స్త్రీయే. అంటే కెమెరాకు మర్యాద నేర్పడం ఎట్లాగో నూటముప్పై ఏళ్ల కిందటే మనవాళ్లకు తెలుసు. అదే నిజాం రాజ్యంలో 1940లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య పరిశోధన చేశాడు. ఆయన పుస్తకం 1943లో వచ్చింది. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. వాటికి చరిత్రలో విలువ లేదని నేననను. కాని జనానా స్టూడియో గోడల వెనక ఉన్న స్త్రీ దేహానికీ, నల్లమల చెట్ల కింద ఉన్న స్త్రీ దేహానికీ కెమెరా ఒకే రకంగా మర్యాద చూపిందా? ఒకరి బొమ్మ ఆమె ఇంటి ఆల్బంలోకి పోయింది. ఇంకొకరి బొమ్మ ఆమె ఎన్నడూ చూడని దేశంలో భాండాగారంలోకి పోయింది. ఇవాళ శని, ఆదివారాల్లో శ్రీశైలం రోడ్డు పట్టుకుని మన్ననూరు, ఫర్హాబాద్ వైపు కార్లలో వచ్చేవాళ్ల చేతుల్లో ఉన్నది ఆ రెండో రకం చూపే. పులి కోసం తెచ్చిన లెన్సు పులి కనబడనప్పుడు ఎటు తిరుగుతుందో మనకు తెలియదా?

చట్టం లేదా అని అడుగుతారు. ఉంది. నిర్భయ ఘటన తర్వాత 2013లో భారత శిక్షాస్మృతిలో 354-సి చేరింది. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షనయింది. స్త్రీ ఏకాంతంగా ఉన్న సమయంలో తొంగిచూడడం, బొమ్మ తీయడం, పంచిపెట్టడం నేరం. అయితే ఏకాంతం అంటే ఏమిటి? ఏకాంతం ఉంటుందని మామూలుగా అనుకోదగిన చోట జరిగే పని అంటుంది చట్టం. ఆ "అనుకోదగిన చోటు" ఎవరి ఇంటిని మనసులో పెట్టుకుని రాసినట్టుంది? బోరు మోటారు దగ్గర లంగా కట్టుకుని స్నానం చేసే ఆమెది ఏకాంతమా, బహిరంగమా? చుట్టూ ఎవరూ లేరని నాలుగు దిక్కులా చూసుకునే కదా ఆమె నీళ్లు పోసుకుంటున్నది! అర కిలోమీటరు అవతల రోడ్డు మీద కారు ఆపుకున్నవాడు "బహిరంగ ప్రదేశంలో తీశాను" అని వాదిస్తే, దూరం కూడా ఏకాంతమేనని చెప్పే న్యాయవాదులు మనకు కావాలి. మన స్త్రీవాద న్యాయ చర్చల్లో ఈ మాట ఇంతవరకు బలంగా వినబడలేదు. వినబడాలి.

నా మాటకు వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. ఫొటోలే లేకపోతే నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి లోకానికి తెలిసేదా అంటారు. నిజమే. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు ఫొటోల్లోనే హైదరాబాదు దాకా, ఢిల్లీ దాకా పోయాయి. నీళ్లలో ఫ్లోరైడు తీసే విధానానికి నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. కాని ఆ ఫొటోల్లో గట్టిగా నిలిచినవి ఎట్లా వచ్చాయో ఆలోచించండి. తీసినవాళ్లు ఆ గడప తొక్కారు, పేరు అడిగారు, ఆ ఇంటి నీళ్లు చూశారు. తీయించుకున్నవాళ్లు తమ దేహాన్ని సాక్ష్యంగా ఇచ్చారు. ఇవ్వడం వేరు, తీసుకుపోవడం వేరు. సాక్ష్యానికి దగ్గరితనం కావాలి. దూరపు లెన్సుతో తెచ్చేది సాక్ష్యం కాదు, వేట.

రెండో అభ్యంతరం, నేను టెక్నాలజీకి వ్యతిరేకినని. అసలు నా కోపమే టెక్నాలజీ అందరికీ ఒకే రకంగా అందనందుకు. మా కూలి ఆడవాళ్లకు కెమెరా తెలియదనుకుంటున్నారా? రోజూ వాళ్ల ముఖం మీదే ఉంది. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. మేటు చేతిలోని చవక ఫోను, సిగ్నలు లేని గుట్ట, ఎండలో బారుగా నిలబడ్డ ఆడవాళ్లు. ఫొటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి ప్రశ్నార్థకం. 2025 జులై నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే పోషకాహారానికి కూడా ముఖం గుర్తింపు పెట్టారు. గర్భిణి తన ముఖాన్ని ఫోనుకు చూపించి తన పిండి తాను తెచ్చుకోవాలి. తెలంగాణలో 2025-26కు ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెన్సు ముక్క ఒక్కటే ఆమె రెండు నెలల కూలి, ఫోను దాదాపు ఏడాది కూలి. ఒకే దేశంలో, ఒకే చేను గట్టున రెండు కెమెరాలు. ఒకటి ఆమెను దొంగగా అనుమానించి లెక్కపెడుతుంది. రెండోది ఆమెకు తెలియకుండా అందంగా దొంగిలిస్తుంది. ఆమె చేతిలో ఉండే కెమెరా ఏది?

అది కూడా ఉంది. మనమే మరిచిపోయాం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, బడి ముఖం చూడనివాళ్లు, వీడియో కెమెరా పట్టారు. 2001లో వాళ్ల కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ మొదలైంది. వరంగల్ బీటీ పత్తి రైతుల గోడు మీద వాళ్లు తీసిన సినిమా లోకమంతా తిరిగింది. సినిమా పాఠశాలల పరిభాష వాళ్లకు అక్కర్లేకపోయింది. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్ అన్నారు. కింది నుంచి పైకి చూసేది బానిస షాట్. కళ్లకు సమానంగా, ఎదురుబదురుగా కూర్చుని తీసేది సంఘం షాట్. ఈ సంగతి పి.వి. సతీష్ రాసిపెట్టారు. 1975లో లారా మల్వీ పురుష చూపు గురించి రాసిన వ్యాసాన్ని మన విశ్వవిద్యాలయాల్లో ఏటేటా బోధిస్తాం. పస్తాపూర్ ఆడవాళ్ల మూడు షాట్లను ఎన్ని తరగతుల్లో బోధిస్తున్నాం? కులం, వర్గం, స్త్రీ దేహం, కెమెరా ఎత్తు, ఇన్నింటినీ మూడు మాటల్లో కట్టిపడేసిన సిద్ధాంతం మన పక్క జిల్లాలోనే పుట్టింది. వాళ్లు పేరు పెట్టడానికి ఒక షాటు మిగిలిపోయింది. ఎత్తూ పల్లమూ లేకుండా, ఎదురుగా కాకుండా, అవతలి గట్టు నుంచి చూసే షాటు. దానికి పేరు వాళ్లే పెట్టాలి. నన్నడిగితే గడీ బురుజు షాట్ అంటాను. దొర బురుజు మీంచి చేను మీద కూలివాళ్లను చూసినట్టే ఉంటుంది.

ఇంత మాట బయటివాళ్లను అని ఊరుకుంటే లాభం లేదు. స్త్రీల పత్రికల ముఖచిత్రాలు, మన కవితా సంకలనాల అట్టలు, సెమినార్ల బ్యానర్లు ఒకసారి తిరగేయండి. తలగుడ్డ చుట్టుకుని నాటు వేస్తున్న ఆమె, కట్టెల మోపు మోస్తున్న ఆమె, పోచంపల్లిలో ఆసు పోస్తున్న ఆమె. లోపలి పేజీలో ఫొటో తీసినవారి పేరు ఉంటుంది. ఆమె పేరు? ఆమె ఊరు? ఆ అట్ట మీద తాను ఉన్నట్టు ఆమెకు తెలుసా? కవయిత్రి ఫొటో కావాలంటే ఫోన్ చేసి, మంచిది చూసి పంపమని బతిమాలుతాం. కూలి ఆమె ఫొటో కావాలంటే ఇంటర్నెట్‌లో వెతుక్కుంటాం. స్త్రీవాదం ఈ తేడా దగ్గర నోరు మూసుకుంటే దాన్ని ఏమని పిలవాలో మీరే చెప్పండి.

కాబట్టి నేను అడిగేవి నాలుగే. పేరు, ఊరు, ఒప్పుకోలు లేని శ్రామిక స్త్రీ ఫొటోను ఏ స్త్రీల పత్రికా అచ్చువేయకూడదు. పేరు బయటపెట్టడం ఆమెకు ఇష్టం లేకపోతే ఆ మాటే రాయాలి. తీసిన ఫొటో ప్రతి ఆమె చేతికి అందాలి. దూరం నుంచి తీయడాన్ని ఏకాంతభంగంగా గుర్తించమని మహిళా సంఘాలు, న్యాయవాదులు కలిసి మహిళా కమిషన్ ముందు పెట్టాలి. చివరిది, యూనివర్సిటీల జర్నలిజం శాఖలు, మహిళా అధ్యయన కేంద్రాలు మంచి కెమెరాలు కొన్నప్పుడు వాటిని అచ్చంపేట, దేవరకొండ, నారాయణపేట సంఘాల ఆడపిల్లల చేతుల్లో కూడా పెట్టాలి. వాళ్లు కావాలంటే ఆ 200 ఎం.ఎం. లెన్సే బిగించుకుని గుట్ట మీంచి మన వైపు చూడనీండి. అప్పుడు మనం కొంగు సర్దుకుంటామో, తిడతామో చూద్దాం.